పిల్లిబండ మీద మూడో రాత్రి

చీకటి పడ్డాక పిల్లిబండ దగ్గర ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. మా దీవిలో పాలు మానని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

అక్కడి నీళ్ళల్లో పోయినవాళ్ళకి వెంటనే విడుదల ఉండదట. తమ చోటులోకి ఇంకొకళ్ళు దిగితేగాని కదలడానికి వీల్లేదట... అందుకని మంచు పట్టిన రాత్రుళ్ళు మనకి తెలిసిన గొంతు అరువు తెచ్చుకుని మరీ పిలుస్తారు. పలికావా — అంతే. వాడు వెళ్ళిపోతాడు, కాపలా నీది.

పగటిపూట చూస్తే ఈ మాటలు చెప్పినవాణ్ణి పిచ్చివాడంటారు. అంత ముచ్చటైన చోటు. పిల్లిబండ మీద పిల్లి ఒక్కటీ లేదు. పక్షులున్నాయి, వేలకి వేలు. తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు రెక్కలు, కూత మాత్రం అచ్చం పాలకోసం కాళ్ళకి చుట్టుకునే పిల్లిది. పై అంచు మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుని నిలబడతాయి. కింద, అలలు తగిలే రాళ్ళ మీద నీటిపులులు. పట్నంవాళ్ళు వాటిని సీళ్ళంటారు. ఒళ్ళంతా మచ్చలు, గుబురు మీసాలు, విందు భోజనం చేసి అరుగు మీద ఒరిగిన మామగారి వాలకం.

వాటిని చూడ్డానికే జనం వస్తారు. పొద్దు వాలేలోపు వెళ్ళిపోతారు.

ఈ కథ నాకు చెప్పినవాడు మాన్‌గిల్. మా బడి వెనకే అతని ఇల్లు. యాత్రికుల్ని పడవ మీద పిల్లిబండకి తీసుకెళ్ళి తీసుకురావడం అతని పని. అతను చెబుతుంటే అతని భార్య ఒక్‌బున్ పక్కనే కూచుని ముల్లంగి తరుగుతూ అక్కడక్కడా సరిదిద్దింది. ఆ దిద్దుబాట్లు కూడా కలిపే చెబుతున్నాను.

ఫోన్లు ఇంకా గోడలకే వేలాడే రోజులవి. జూన్ నెల, సముద్రం మీద మంచు దిగే కాలం. ఆదివారం సియోల్ నుంచి పదిమంది వస్తున్నామని కబురు పెట్టారు. బండ ఎక్కే చోట ఒకటే జారుడు. పట్టుకోవడానికి తాడు కట్టి వద్దామని మాన్‌గిల్ శుక్రవారం సాయంత్రం బయల్దేరాడు.

"మన ఇంటి కప్పు కారుతోంది మహానుభావా," అంది ఒక్‌బున్. "దాని మొహం చూడవు. ఎవరో పట్నంవాళ్ళ కాళ్ళు జారతాయని బండకి తాడు కడతావా?"

"వచ్చాక చూస్తాలే."

"ఇరవై రెండేళ్ళుగా ఆ 'వచ్చాక' కోసమే చూస్తున్నా. అసలు రాకు! ఆ నీటిపులుల పక్కన చాప వేసుకుని అక్కడే కాపురం పెట్టు!"

(చాప మాట తను అనలేదని ఒక్‌బున్ దిద్దింది. చాప కూడా ఇవ్వనని అందట.)

మాన్‌గిల్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బండ దగ్గర పడవ కట్టి, రబ్బరు జోడు విప్పాడు. పక్షుల రెట్టలతో తడిసిన రాయి మీద ఉత్తికాళ్ళే నయం. విప్పిన జోడుని పడవలో పక్కపక్కన జతగా పెట్టాడు. చెప్పులు చెల్లాచెదరుగా వదలడం మావాళ్ళకి చేతకాదు, మునిగిపోయే పడవలో అయినా సరే.

పైకెక్కి తాడు బిగించి, కిందకి చూశాడు.

పడవ లేదు.

పోటు వచ్చి ముడి ఊడింది. చూస్తుండగానే పడవ తాపీగా, పక్కింటికి పేరంటానికి వెళ్తున్నట్టు, దూరం జరిగిపోతోంది. అతను అరిచేలోపు మంచు దిగింది — పాలు పొంగినట్టు. తన చెయ్యి చాస్తే వేళ్ళు కనపడనంత మంచు.

మా దగ్గర పోటు నీటి ఉరవడి తెలిసినవాడు ఎవడూ ఈతకి దిగడు. అతను కూచున్నాడు. రాతి గుంటల్లో నిలిచిన వాన నీళ్ళు తాగాడు. పచ్చి గుడ్లు మింగాడు. రాత్రి గడిచింది.

మర్నాడు చీకటి పడుతుండగా మంచులో తెడ్ల చప్పుడు వినిపించింది. ఊరివాళ్ళు వెతుకుతున్నారు! అతని ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడ! ఇక్కడున్నా! నేనురా, మాన్‌గిల్‌ని!"

తెడ్ల చప్పుడు టక్కున ఆగింది. తర్వాత గుసగుస...

"పలక్కు... ఎవరూ పలక్కండి..."

"వాడి గొంతే అన్నా..."

"వాడి గొంతే ఉంటుందిరా, ఇంకెవరి గొంతుంటుంది! తెడ్డు వెయ్యి! వెయ్యమంటుంటే!"

నీళ్ళు చిలికినట్టు చప్పుడు చేస్తూ పడవ పారిపోయింది.

వాళ్ళని తప్పు పట్టలేం. అప్పటికే మాన్‌గిల్ పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. లోపల మనిషి లేడు. జోడు మాత్రం ఉంది — జతగా, బుద్ధిగా, పక్కపక్కన. ఖాళీ పడవలో జతగా పెట్టిన జోడు కనబడితే మా దీవిలో ఒకటే అర్థం చెప్పుకుంటారు. మనిషి కాలు జారలేదు, తనంతట తనే దిగిపోయాడు అని. బళ్ళో పిల్లలకి నేను చెప్పేదిదే: అర్థం చెప్పుకునే ముందు ఇంకోసారి పిలిచి చూడండర్రా. కానీ పిల్లిబండ దగ్గర పిలవకూడదు కదా. అదీ చిక్కు.

జోడు చూసి ఒక్‌బున్ ఏడవలేదట. చేత్తో నోరు మూసుకుని అలాగే నిలబడిందట.

"నేనే రావద్దన్నాను," అందట. ఆ ఒక్కమాటే. రెండు రోజులు.

*

మూడో రాత్రి.

మంచు విడవలేదు, పట్నంవాళ్ళు రాలేదు. గుంటల్లో నీళ్ళు అయిపోయాయి. పెదాలు పగిలాయి. ఆకలి పోయింది. ఆకలి పోవడం మంచిది కాదని అతనికి తెలుసు. పక్షులు చుట్టూ మ్యావ్... మ్యావ్... అంటూనే ఉన్నాయి.

ఉన్నట్టుండి — ఆగిపోయాయి.

వేల గొంతులు ఒక్కసారిగా ఆగితే ఆ నిశ్శబ్దానికి బరువుంటుందట. చెవుల మీద కూచుంటుందట.

మంచులో ఒక వెలుగు... పసుపుగా, చిన్నగా. నీళ్ళ మీద ఊగుతూ వస్తోంది. దాని వెనక ఏదో తెల్లగా. ఒకటి కాదు... రెండు... మూడు. తెల్లటి నారబట్టలు. రెండింటికి జుట్టు విరబోసి ఉంది. మొహాలు కనబడటం లేదు.

మాన్‌గిల్ రాతికి అతుక్కుపోయాడు.

మధ్యలో ఉన్న ఆకారం చెయ్యి పైకెత్తింది. ఆ చేతిలో ఏదో ఉంది. గాలి లేకుండానే ఊగుతోంది.

చొక్కా.

నీలం చొక్కా, మోచేతి దగ్గర గోధుమరంగు అతుకు.

తన చొక్కా!

"దక్షిణపు రేవు మాన్‌గిల్... తిరిగి రా..."

అతను ఒంటి మీదున్న చొక్కా తడిమి చూసుకున్నాడు.

"దక్షిణపు రేవు మాన్‌గిల్... తిరిగి రా..."

ఆ పిలుపు అతనికి తెలుసు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇంటి కప్పెక్కి, ఆయన చొక్కా ఊపి, అచ్చం ఇలాగే తనే పిలిచాడు. మూడుసార్లు. చొక్కా ఊపి మూడుసార్లు పిలిచేది ఒక్కళ్ళనే.

పోయినవాళ్ళని.

"దక్షిణపు రేవు మాన్‌గిల్... తిరిగి రా..."

'అంటే...' అనుకున్నాడు మాన్‌గిల్. 'అంటే నేను పోయానా?'

మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ అతను లెక్క చూసుకున్న తీరు వినండి. నిన్న స్నేహితులే తన గొంతు విని పారిపోయారు. మొదటిరోజు తను అడుగేస్తే చాలు పక్షులన్నీ లేచి గోల చేశాయి. నిన్నట్నుంచి ఒక్కటీ లేవటం లేదు, కాళ్ళ మధ్యలోంచే నడిచిపోతున్నాయి. నీటిపులులు తల కూడా తిప్పటం లేదు. మనిషిని చూస్తే కదా బెదరడం! చేతి మీద నాడి పట్టి చూసుకున్నాడు. వేళ్ళు మొద్దుబారాయి, ఏమీ తెలియలేదు. కొట్టుకుంటోందా... లేదా... ఏమో.

బహుశా మొదటి రాత్రే అయిపోయిందేమో. తనకే ఎవరూ చెప్పలేదేమో!

వెలుగు ఇంకా దగ్గరికొచ్చి, బండకి మూడు బారల దూరంలో ఆగింది. కాగితపు లాంతరు. పడవ. ముందు భాగంలో పెద్దమ్మ సుల్యే, నలభై ఏళ్ళుగా సముద్రంలో మునకలేసి గుల్లలు తెచ్చే ముసలావిడ. మధ్యలో ఒక్‌బున్. వెనక తెడ్ల దగ్గర ఒక్‌బున్ తమ్ముడు చిల్‌బోక్. పోయినవాళ్ళ పని చీకటి పడ్డాకే చెయ్యాలి, పోయినచోటే చెయ్యాలి. ఊళ్ళో ఇంకెవరూ రామంటే ఈ ముగ్గురే మైలబట్టలు కట్టుకుని వచ్చారు.

లేదా ఆ ముగ్గురి రూపాల్లో ఇంకెవరో వచ్చారు. తెలిసిన మొహాలు అరువు తెచ్చుకోవడం వాటికి అలవాటే కదా!

ఒక్‌బున్ మాట్లాడింది.

"యోన్‌సిల్ నాన్నా..."

యోన్‌సిల్ వాళ్ళ కూతురు. గొంతు ఒక్‌బున్‌దే.

"నువ్వు మంచివాడివి. ఈ దీవిలో నీ అంత మంచివాడు లేడు. పని కూడా బాగా చేస్తావు. నేనే నోరు జారాను... నీ లాంటి మొగుడు దొరకడం నా అదృష్టం..."

మాన్‌గిల్‌కి ఉన్న ఆ కాస్త అనుమానం తీరిపోయింది. ఒక్‌బున్ తనని పొగుడుతోంది. ఇంకా సందేహమెందుకు, తను కచ్చితంగా చచ్చిపోయాడు.

(ఇక్కడ ముల్లంగి ముక్క ఒకటి అతని మీదకి ఎగిరింది. అది దిద్దుబాటు కింద రాదు.)

పడవ మధ్యలో పీట మీద ఇత్తడి గిన్నెలు పేర్చారు. ఆవిరి లేని అన్నం, చారు, ఎండబెట్టి కాల్చిన చేప, పళ్ళు, బియ్యపు సారా. అన్నంలో చెంచా నిలువుగా గుచ్చారు. అలా గుచ్చేది కూడా పోయినవాళ్ళకే.

"తిను," అంది ఒక్‌బున్. "తిని ఇంటికి రా. ఇక్కడ కాపలా ఉండకు."

అలలు... అంతే.

"రాలేవా? ఇంకొకళ్ళు వస్తేగాని నిన్ను వదలరా?" గొంతు మారింది. "సరే. నేనే రావద్దన్నాను కాబట్టి నేనే దిగుతాను. నీ చోటు నాకివ్వు. నువ్వెళ్ళి యోన్‌సిల్‌ని చూసుకో."

ఒక్‌బున్ పడవ అంచు మీద కాలు పెట్టింది.

"అక్కా!" అని కేకేశాడు చిల్‌బోక్. ముసలావిడ ఆమె పావడా రెండు చేతులా పట్టుకుంది. పడవ ఒరిగింది. లాంతరు ఊగిపోయింది.

మాన్‌గిల్ నోరు తెరిచాడు... మూసేశాడు.

అతని అవస్థ చూడండి. తను బతికుంటే ఇప్పుడే అరవాలి, అరవకపోతే ఆమె దూకేస్తుంది. తను చచ్చిపోయి ఉంటే అరవకూడదు. తన గొంతుకి ఆమె పలికిందా, ఇక ఆమెని తనే లాక్కున్నట్టు. ఏది చెయ్యాలన్నా ముందు ఒక్క సంగతి తేలాలి. అది ఎవర్ని అడగాలి?

ఆ తొందరలో, ఆ భయంలో, ఇరవై రెండేళ్ళ అలవాటు అతన్ని అడక్కుండానే పని చేసింది. గిన్నెల వంక చూసిన కళ్ళు నోటికి ఏం చెప్పాయో... చిన్నగా, గొణుగుడులా బయటికొచ్చింది —

"కిమ్చీ... లేదా?"

పడవలో ముగ్గురూ బిగుసుకుపోయారు.

"విన్నారా..." చిల్‌బోక్ పళ్ళు టకటకలాడాయి.

"పలక్కు," అంది ముసలావిడ గుసగుసగా. "ఎవరూ పలక్కండి."

"బావ గొంతే పెద్దమ్మా."

"పలకొద్దన్నానా!... కిమ్చీ అన్నాడా?"

"కిమ్చీయే అన్నాడు."

ముసలావిడ కనుబొమలు ముడిపడ్డాయి. కిమ్చీ అంటే కారం, వెల్లుల్లి దట్టించి ఊరబెట్టిన కూర, మాకు అది లేని భోజనం లేదు. కానీ పోయినవాళ్ళకి పెట్టే భోజనంలో కారం, వెల్లుల్లి వెయ్యరు. ఆ ఘాటు వాళ్ళకి పడదు. వాసన తగిలితే వచ్చిన దారినే పోతారు. మా ఆడవాళ్ళు అలాంటి రోజు వంటింట్లో మిరపపొడి డబ్బా మూత కూడా తియ్యరు.

"నలభై ఏళ్ళు ఈ నీళ్ళల్లో మునిగాను," అంది ఆవిడ నెమ్మదిగా. "రకరకాలు విన్నాను. కిమ్చీ అడిగే దెయ్యాన్ని వినలేదు."

"బావ కదా పెద్దమ్మా, ఏదైనా అడుగుతాడు..."

"నోర్ముయ్. ఎవరి దగ్గరైనా కిమ్చీ ఉందా?"

"ఈ పడవలోకి కిమ్చీ ఎవరు తెస్తారు పెద్దమ్మా!" అంది ఒక్‌బున్, ఒక కాలు ఇంకా అంచు మీదే ఉంచి.

చిల్‌బోక్ తల వంచుకుని తెడ్డు తుడవడం మొదలెట్టాడు. తుడవడం మరీ ఎక్కువసేపైంది.

"ఒరేయ్."

"తెడ్డు వేస్తే ఆకలేస్తుంది పెద్దమ్మా..."

"తెచ్చావా!"

"చిన్న డబ్బా. మడిచిన తెరచాప చాటున..."

ఇంకో రోజైతే ఆ డబ్బాతోనే వాడి బుర్ర పగిలేది. ముసలావిడ డబ్బా లాక్కుని మూత తీసింది. ఆ వాసన మంచుని చీల్చుకుని బండ దాకా వెళ్ళింది. నాచుని పైకి లాగడానికి వాడే పొడుగు వెదురు గడ చివర డబ్బా కట్టి చీకట్లోకి చాచింది.

"నువ్వెవరైనా సరే," అంది. "తిని చూపించు."

గడ గాల్లో వణుకుతోంది... వణుకుతోంది...

ఎవరో అవతల కొస పట్టుకున్నారు.

చిల్‌బోక్ కళ్ళు మూసుకున్నాడు. ఒక్‌బున్ మూసుకోలేదు.

అవతల మాన్‌గిల్ ఒక ముక్క తీసి నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. చెయ్యి రాలేదట. మండకపోతే? నోట్లో పెట్టుకున్నాక ఏ రుచీ తెలియకపోతే? తెలియనంతసేపూ సగం బతికే ఉన్నట్టు. కొరికితే తేలిపోతుంది. అంత భయం జన్మలో పడలేదట.

కళ్ళు మూసుకుని... కొరికాడు.

కరుక్కుమంది. పడవలోకి కూడా వినిపించింది.

తర్వాత ఏమీ లేదు.

ఒక అల వచ్చి వెళ్ళింది. ఇంకొకటి...

"అమ్మోయ్!"

ఆ కేకకి వేల పక్షులు ఒక్కసారిగా లేచాయి. నీటిపులులు బుడుంగు బుడుంగుమని నీళ్ళల్లో పడ్డాయి.

"మండుతోంది! పెదాలు కాలిపోతున్నాయి! ఒక్‌బున్! మండుతోందే! బతికే ఉన్నానే!"

ఒక్‌బున్ అంచు మీంచి కాలు తీసింది. ఊపిరి పీల్చింది. ఎంత పీల్చిందంటే లాంతరులో మంట అటు వాలిందట. ఇక మొదలు —

"బతికే ఉంటే నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా ఇందాకట్నుంచి! నేను పొగుడుతుంటే తీరిగ్గా వింటూ కూచున్నావా? పడవ కట్టడం రాని మొహానికి నువ్వు పడవవాడివా? మూడు రోజులు! ఆ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి మరీ ఊపాను! నీ ఫోటోకి నల్ల రిబ్బను కట్టాను! అడ్డమైన ఫోటో, అందులోనూ ఆవలిస్తూ ఉన్నావు! జోడు జతగా ఎవడు పెట్టమన్నాడు నిన్ను? ఒకటి అటూ ఒకటి ఇటూ పడేస్తే నీ సొమ్మేం పోయేది!..."

మాన్‌గిల్ బండ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. దెయ్యాలు ఏ గొంతైనా అరువు తెచ్చుకోగలవు. ఆ తిట్లు తెచ్చుకోలేవు. ఇది తన పెళ్ళామే, సందేహం లేదు. ఏడ్చింది కిమ్చీ కారానికే అని ఇప్పటికీ అంటాడు.

తిట్టి తిట్టి ఒక్‌బున్ గొంతు బొంగురుపోయింది. చివర్న, అందులోంచే, చిన్నగా అంది —

"మెల్లిగా దిగు. జారుతుంది."

పట్నంవాళ్ళ కోసం కట్టిన తాడు పట్టుకుని దిగాడు. పడవలో పడగానే ఆమె అతని చెవులు, ముక్కు, మోకాళ్ళు అన్నీ తడిమి చూసి, ఆఖర్న గట్టిగా ఒకటి గిల్లింది. అతను అరిచాక స్థిమితపడింది.

"ఇవన్నీ ఏం చేద్దాం?" అన్నాడు చిల్‌బోక్ గిన్నెలు చూపించి.

"ఎవరికి పెట్టామో వాళ్ళు తిన్నట్టు లెక్క. ఇక మనం తినచ్చు," అంది ముసలావిడ. "తినరా మాన్‌గిల్. నీ చావుకూడు నువ్వే తినే యోగం ఎంతమందికి పడుతుంది!"

అన్నంలో నిలువుగా ఉన్న చెంచా తీసి, ముందు ఒక ముద్ద తీసుకున్నాడు మాన్‌గిల్. మావాళ్ళు ఆరుబయట తినేటప్పుడు మొదటి ముద్ద తినరు. దిక్కులేనివాళ్ళ పేరు చెప్పి విసురుతారు. మూడు రాత్రులు దిక్కులేనివాడిగా ఉండి వచ్చినవాడు కదా, ఆ రోజు ఇంకాస్త పెద్ద ముద్దే తీసి పిల్లిబండ వైపు నీళ్ళ మీదకి విసిరాడు.

ముద్ద నీళ్ళల్లో పడ్డ చప్పుడు రాలేదు.

నలుగురూ చూశారు. లాంతరు వెలుగు అందీ అందని చోట నీళ్ళు మెత్తగా పైకి లేచి, ముద్దని గాల్లోనే అందుకుని, మెత్తగా సర్దుకున్నాయి. సుడి లేదు. నురగ లేదు.

"నీటిపులి," అన్నాడు చిల్‌బోక్. "కదా పెద్దమ్మా? నీటిపులే."

ముసలావిడ అటే చూస్తోంది. లాంతరు మీద చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అంది:

"తెడ్డు వెయ్యి నాయనా. నీటిపులులు అన్నం తినవు."